పొలం పోయిన పాట

మొన్న ఒక ఆదివారం పొద్దున మా ఇంటి ముందు కారు ఆగింది. సంగారెడ్డిలో పాత జైలు వెనక మా గల్లీలోకి కారు వచ్చిందంటే, దారి తప్పినవాళ్లెవరో కోర్టు ఎక్కడని అడగడానికే. ఆదివారం కూడా కోర్టుకు పోయే తొందర ఎవరికమ్మా అనుకుంటూ తలుపు తీశాను. జీన్సు ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి గుడ్డసంచి పట్టుకుని నిలబడి ఉంది. "క్లారినెట్ యాదగిరి గారి ఇల్లు ఇదేనా ఆంటీ?" అని అడిగింది. యాదగిరి మా చిన్నాయిన, మా నాయినకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆయన పోయి ఒక తరం దాటింది. ఆ పేరుకు ముందు క్లారినెట్ అని చేర్చి పిలవడం లోకం అంతకు ముందే మానేసింది.

ఆ అమ్మాయి పేరు రియా. ఒకప్పుడు మా ఊళ్లో మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉన్న లోబో సారు మనవరాలు. తెల్లాపూర్‌లో మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూడాల్సిన అపార్టుమెంట్లున్నాయే, వాటిలో ఒకదాంట్లో ఉంటుందట. లోబో సారు చివరి రోజులు ఆమె దగ్గరే గడిపి, పోయిన ఎండాకాలం కన్నుమూశాడట. బాల్కనీలో కుర్చీ వేసుకుని, అదిగో ఆ పొగ కనిపించే వైపే పటాన్‌చెరు, అక్కడ నాకొక ఇల్లుండేది అని చూపించేవాడట. గోవాలో సముద్రం పక్కన హాయిగా ఉండి ఉంటాడని నేననుకుంటున్న ఆ రోజుల్లోనే ఆయన బస్సెక్కితే అందేంత దూరంలో ఉన్నాడు. ఆయనా అడగలేదు, మేమూ వెతకలేదు. సామాను సర్దుతుంటే దొరికిందని రియా సంచిలోంచి ఒక క్యాసెట్ తీసింది. దాని మీద మా ఊరి పేరు, చిన్నాయిన పేరు. ఆ రెండు పేర్లు పట్టుకుని పటాన్‌చెరు బ్యాండు షాపుల్లో అడుగుతూ అడుగుతూ మా దాకా వచ్చింది. "ఇందులో ఉన్నది ఫోన్‌లోకి ఎక్కించిన ఆంటీ, ఇప్పుడే పెట్టనా?" అన్నది. "ఆగు బిడ్డా, నాయిన తానం చేస్తుండు, రానీ" అన్నాను. చాయ్‌కి పాలు పెట్టాను కానీ నా ధ్యాస పాల మీద లేదు.

మా ఊరు పటాన్‌చెరు నుంచి గుమ్మడిదల పోయే వైపు. నాకు ఊహ తెలిసేనాటికే మా పొలంలో సగం ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది, మిగిలిన సగం గోడ బయట ఉంది. భూమి ఇచ్చినవాళ్లకు నౌకరీ ఇస్తామన్నారు కాబట్టి నాయిన ఖాకీ బట్టలు తొడుక్కుని గోడ లోపలికి పోయేవాడు, సాయంత్రం వచ్చి గోడ బయటి భూమికి నీళ్లు పారించేవాడు. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ దాన్ని లెక్కచేసేవాళ్లు కాదు. మొదటి సైరన్ కూయగానే నాయనమ్మ పొయ్యి ముట్టించేది, రెండో సైరన్ లోపల జొన్నరొట్టెలు దించేసేది. రొట్టె కాలే వాసన, కొట్టంలో పేడ వాసన, గాలి ఇటు మళ్లిందంటే ఫ్యాక్టరీ మురుగు నాలా మీదుగా వచ్చే మందుల వాసన. ఆ చివరిది వచ్చినప్పుడల్లా నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఇగో, ఫ్యాక్టరోడు కూర వండుతుండు" అనేది. అప్పుడు అది మాకు నవ్వుకునే మాట.

లోబో సారు నాయిన పనిచేసే ఫ్యాక్టరీలోనే మిషన్లు బిగించే ఇంజనీరు. లోబో అన్న పేరు నాయనమ్మ నోట్లో పడి లోబయ్య అయింది. చేపలు వేయించి వాటి మీద పుల్లటి సిర్కా పోసుకుంటాడని మొదట్లో ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన పెట్టె విప్పి రికార్డు ప్లేయర్ బయటికి తీసిన రోజు మాత్రం కోపం మరిచిపోయి ఆయన గడప దగ్గర చతికిలబడింది. "మాడిన రొట్టె లెక్కున్నది. దాని మీద సూది వెడితే పాడుతున్నదేందే!" అని మా అమ్మను కేకేసింది. ఇది జాజ్ అమ్మా అని లోబో సారు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. మా వైపు జాజు అంటే గోడలకూ అరుగులకూ పూసే ఎర్రమన్ను. పండుగ ముందు జాజు పూసి సున్నం బొట్లు పెట్టడం నాయనమ్మ సొంత పని, ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అందుకని ఆమె ఆ మాటను పట్టుకుని, "జాజు గోడకు పూసేది గద లోబయ్యా, అది పాటెట్లయితది?" అని నిలదీసింది. ఆయన బిక్కమొహం వేశాడు. చిన్నాయిన పడీ పడీ నవ్వి, "ఇది చెవులకు పూసే జాజు లేవే అవ్వా" అన్నాడు. అప్పటి నుంచి సాయంత్రం ముందు గదిలో రికార్డు తిరగడం మొదలైందంటే మా ఇంట్లో ఒకటే మాట. లోబయ్య జాజు పూస్తుండు, పోదాం పా.

చిన్నాయిన పటాన్‌చెరులో ఒక బ్యాండ్ మేళంలో క్లారినెట్ ఊదేవాడు. పెళ్లిళ్ల కాలంలో ఇంట్లో ఉండేవాడు కాదు, లేని కాలంలో ఇంట్లోంచి కదిలేవాడు కాదు. క్లారినెట్ నోటి దగ్గర బిగించే సన్నటి పుల్లను రీడ్ అంటారు. దాన్ని ఆయన ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి నానబెట్టేవాడు. ఒకసారి నాయిన డ్యూటీ నుంచి వచ్చి, దాహం మీద ఆ గ్లాసెత్తి గటగట తాగి, పుల్ల మూతికి తగిలాక "ఇంట్ల మంచినీళ్లల్ల సుత పుల్లలేనా!" అని ఉమ్మేశాడు. చిన్నాయినకు ఎర్ర కోటు ఉండేది, భుజాల మీద జరీ కుచ్చులు. ఆ కోటునూ నాయిన ఖాకీ చొక్కానూ అమ్మ ఒకే బకెట్టులో నానబెట్టింది. కోటు రంగు దిగి ఖాకీ చొక్కా కాలరు గులాబి రంగుకు తిరిగింది. ఆ కాలరుతోనే నాయిన డ్యూటీకి పోవలసి వచ్చింది. షిఫ్టులో అందరూ ఏమన్నారో మాకు చెప్పలేదు కానీ, వచ్చాక మాత్రం తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "పెండ్లిళ్ల ముందర ఊదుకుంట పోయేటోనికి పిల్లనెవడిస్తడురా? ఎన్నాళ్లు ఊదుతవు?" అన్నాడు. చిన్నాయిన తల వంచుకుని రీడ్ తుడుచుకున్నాడు. నాయనమ్మే కలగజేసుకుంది. "కాకిపిల్ల కాకికి ముద్దు. నా కొడుకు ఊదితే నాకు మంచిగనే ఉంటది" అన్నది.

లోబో సారు రికార్డుల్లో ఒకదాని అట్ట మీద టోపీ పెట్టుకున్న నల్లటి మనిషి బొమ్మ ఉండేది. కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి క్లారినెట్ ఊదుతుంటాడు. ఆయన పేరు లోబో సారు ఎన్నిసార్లు చెప్పినా మా నోళ్లు తిరగలేదు. టోపాయన అనేవాళ్లం. నాయనమ్మ ఆ బొమ్మను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి "పాపం, ఈయనకు సుత అన్న ఉన్నడో ఏమో" అన్నది. ఆ రికార్డులో మొదట అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తర్వాత మిగతావాళ్లు తగ్గిపోతారు, టోపాయన ఒక్కడే ఆ పాటను వదిలేసి ఎటో వెళ్లిపోతాడు. మొదటిసారి విన్నప్పుడు చిన్నాయిన ముఖం చిట్లించి "పాట తప్పిండు" అన్నాడు. బ్యాండువాళ్లలో అంతకు మించిన తిట్టు లేదు. లోబో సారు చెయ్యి అడ్డం పెట్టి "రుకో యాదగిరి, ఆయేగా" అన్నాడు. నిజంగానే వచ్చాడు. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, ఎవరూ అనుకోని చోట మలుపు తిరిగి, సరిగ్గా బయలుదేరిన చోటికే వచ్చి నిలబడ్డాడు. చిన్నాయిన కూడా లేచి నిలబడ్డాడు. "తప్పలే సారూ, ఈయన తప్పలే. పొలం పోయొచ్చిండు" అన్నాడు.

అంతకంటే బాగా ఆ సంగీతం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. మనిషి పొలం పోతాడు. గట్ల మీద నడుస్తాడు, బావి దగ్గర కాసేపు కూర్చుంటాడు, ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడతాడు, దీపాలు పెట్టే వేళకు ఇంటికొస్తాడు. పాట ఇల్లు. మధ్యలో తిరిగిందంతా పొలం. ఆ రోజు నుంచి చిన్నాయిన సాయంత్రాలు మా మిగిలిన సగం పొలం గట్టు మీద నిలబడి సాధన చేసేవాడు. ఎదురుగా ఫ్యాక్టరీ గోడ, అది ఆయన ఊదిన ప్రతి ముక్కనూ తిరిగి ఆయనకే అప్పజెప్పేది. మొదలుపెట్టే ముందు గట్టు కింద కూర్చున్న నా వైపు తిరిగి "జెర పొలం పోయొస్త" అనేవాడు. ఒకసారి పోయిన గట్టు మీద ఇంకోసారి పోయేవాడు కాదు. రావడం మాత్రం తప్పకుండా వచ్చేవాడు. ఆ వచ్చే క్షణంలో నాకు కడుపులో చల్లగా ఉండేది, నాయిన సైకిల్ బెల్లు వాకిట్లో వినిపించినట్టు.

ఆ ఉత్సాహంలో ఒక పెళ్లి బరాత్‌లో పొలం పోయాడు. గుమ్మడిదల దగ్గర డబ్బున్నవాళ్ల పెళ్లి, కుర్రాళ్లు కారు ముందు ఒళ్లు మరిచి ఎగురుతున్నారు. చిన్నాయిన పాటను వదిలి తన దారిన పోయేసరికి ఎగిరేవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశారట. పెళ్లికొడుకు మేనమామ ముందుకొచ్చి "ఏందిర గిది? పెండ్లికొచ్చినవా, సావుకొచ్చినవా?" అని అరిచాడట. ఆ అరుపుల మధ్య చిన్నాయిన తిరిగి పాటలోకి వచ్చాడు. పోవడం అందరూ విన్నారు, రావడం ఒక్కరూ వినలేదు. బ్యాండ్ మాస్టర్ ఆయన్ను కొన్నాళ్లు రావద్దన్నాడు. ఇంటికొచ్చి మాకు నవ్వుతూనే చెప్పాడు. "పొలాలు అమ్ముకున్నోళ్లు అవ్వా వాళ్లు, వాళ్లకేం తెలుస్తది" అన్నాడు. కానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ సంగతి తెలిసి లోబో సారుకు మనసు నొచ్చింది. కొత్త క్యాసెట్ కొనుక్కొచ్చి, తన టేప్ రికార్డర్ ముందు చిన్నాయినను కూర్చోబెట్టి, నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు పొలం పో అన్నాడట. నేను బడిలో ఉన్నాను, నాయిన డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అమ్మ, నాయనమ్మ. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకోమని నాయనమ్మకు ముందే చెప్పారట. సాయంత్రం నేను వచ్చేసరికి చిన్నాయిన చొక్కా జేబులో క్యాసెట్ పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాకు వినిపించమంటే "మీ నాయిన రానీ, ముందుగాల ఆయన వినాలె" అన్నాడు. నాయిన రాగానే సైకిల్ స్టాండు కూడా వేయనివ్వకుండా "అన్నా, ఒక్కపారి లోబో సారు రూములకు రావా? నీ కోసమే ఊదిన" అన్నాడు. నాయిన ఒళ్లంతా గ్రీజు. "పానం పోతుందిరా. ఆదివారం విందాం తియ్యి" అన్నాడు. ఆదివారం బావి మోటారు కాలిపోయింది. తర్వాతి ఆదివారం ఓవర్‌టైం. నాయనమ్మ విసుక్కుని "చెవిటోని ముందర శంఖమూదినట్టున్నది మీ అన్నతోని" అన్నది. ఆ తర్వాత లోబో సారుకు బదిలీ వచ్చింది. రికార్డులు, రికార్డు ప్లేయర్, టేప్ రికార్డర్ అన్నీ లారీ ఎక్కాయి. క్యాసెట్ మా ఇంట్లో ఉంది, దాన్ని పాడించే మిషన్ లేదు. చిన్నాయిన దాన్ని గూట్లో నిలబెట్టాడు. అడిగి పెట్టించుకోవచ్చు, చాయ్ హోటల్‌లో టేప్ రికార్డర్ ఉంది. అన్న అడిగితేనే పెట్టాలని ఆయన పంతం. ఆ పంతం సంగతి అన్నకు తెలియదు.

మా వైపు పర్మినెంట్ అన్న మాటకు ఉన్న బరువు ఇంకే మాటకూ లేదు. పిల్లనిచ్చేవాళ్లు మొదట అడిగేది అదే. నాయిన కనపడ్డ ప్రతి ఆఫీసరునూ బతిమాలి, చిన్నాయినను ఇంకో మందుల కంపెనీలో పెట్టించాడు. కొన్నాళ్లకు పర్మినెంట్ అయిందని తెలిసిన రోజు నాయిన గల్లీ మొత్తానికి లడ్డూలు పంచాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను మళ్లీ చూడలేదు. చిన్నాయిన ఎర్ర కోటు మాస్టరుకు తిరిగిచ్చేశాడు. మొదట్లో సెలవు రోజుల్లో గట్టు మీదికి పోయేవాడు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఒకనాడు క్లారినెట్ పెదవుల దాకా తెచ్చి దించేసి "పొలం దాంక పోలేకపోతున్న బిడ్డా. గడప కాడనే దమ్మొస్తుంది" అన్నాడు. అది మందుల గాలి వల్లనో, బీడీల వల్లనో, ఒక్కో డాక్టరు ఒక్కో తీరు చెప్పాడు. నేను నాయినను తప్పుపట్టను. కళ్లముందే సగం పొలం గోడ లోపలికి పోవడం చూసినవాడు, తమ్ముడి చేతిలో పోనిదేదైనా పెట్టాలనుకున్నాడు. పిల్ల కూడా కుదిరింది. లగ్గం పెట్టుకునే లోపలే చిన్నాయిన పోయాడు.

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. బొందలగడ్డకు పోయి, సమాధి దగ్గర పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టిందా, ఆ మనిషికి తృప్తి అయినట్టు. రాకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. పిల్లలను తీసుకుపోలేదు, తర్వాత అమ్మ చెప్పిందే నాకు తెలుసు. మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, బీడీలు పెట్టారు. కాకి ఫ్యాక్టరీ గోడ మీద కూర్చుని చూస్తోంది కానీ దిగడం లేదు. నాయిన చేతులు జోడించి "నీ లగ్గం చెయ్యలేకపోయిన తమ్మీ, తిను" అన్నాడు. దిగలేదు. "అవ్వను మంచిగ సూస్కుంట" అన్నాడు. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు ఒక ముసలాయన "వాని పాట వానికి వినిపియ్యిండ్రి" అన్నాడు. నాయిన ఇంటికి పరుగెత్తుకొచ్చి గూట్లో క్యాసెట్ తీసుకున్నాడు, అది నేను చూశాను. చాయ్ హోటల్ ఖాదర్ చిచ్చా టేప్ రికార్డర్‌లో కొత్త సెల్లులు వేసి, అడగకుండానే వెంట నడిచాడు. పాట పెట్టారు. చాలాసేపు సాగిందట. అయిపోవస్తుండగా కాకి గోడ దిగి విస్తరి ముట్టింది. అందరూ గొల్లున ఏడ్చారట.

పోయినవాళ్ల కోసం అక్కడ పెట్టింది మళ్లీ ఇంటికి తేవద్దు. టేప్ రికార్డర్ పరాయివాళ్లది కాబట్టి వెనక్కి వచ్చింది. క్యాసెట్ చిన్నాయినది. "వాని సామాను వానికే ఇడిసిపెట్టు" అని పెద్దలన్నారు. నాయిన చేత్తో మన్ను తవ్వి తల వైపు దాన్ని పూడ్చిపెట్టాడు. ఎంత మంచి పని చేశారని నాకూ అనిపించింది, ఊరంతా అదే అనుకుంది. వానలు మొదలయ్యాక గానీ, క్యాసెట్ తడుస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. అప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు ఆ మిగిలిన సగం పొలంలో ఎవరిదో గోదాము ఉంది. బొందలగడ్డ చుట్టూ రేకులు కొట్టారు, సమాధి ఏదో నేను పోల్చుకోలేను. బరాత్‌లకు డీజే బండ్లు వస్తున్నాయి. వాటి దరువుకు మా గల్లీలో కిటికీలు అదురుతాయి, అందులో ఊపిరి పోసి ఊదేవాడు ఒక్కడూ ఉండడు. ఫోన్‌లో లోకంలోని పాటలన్నీ దొరుకుతాయని మా అబ్బాయి అంటే, టోపాయన కోసం వెతికించాను. టోపీ పెట్టుకుని క్లారినెట్ ఊదేవాళ్లు లెక్కలేనంత మంది వచ్చారు. మావాడు ఒక్కొక్కరినీ చూపిస్తూ "ఈయనేనా అమ్మా?" అంటాడు. ఎవరూ కాదు. పేరు నేర్చుకోమని లోబో సారు ఎంత చెప్పాడు!

నాయిన స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాయనమ్మ అన్న మాట నిజమై ఆయనకిప్పుడు చెవులు సరిగా వినపడవు. చెవి మిషన్ పెట్టి, ఎవరొచ్చారో, ఏం తెచ్చిందో గట్టిగా చెప్పాను. ఆయన రియా చెయ్యి పట్టుకుని "లోబయ్య మనుమరాలివా" అని చాలాసేపు వదల్లేదు. రియా ఫోన్‌ను ఆయన చెవి దగ్గర పెట్టింది. మొదట ఏదో జాజు పాట చివరి ముక్క. ఆ వెంటనే ఒక గిన్నె చప్పుడు, కొంగులో నొక్కుకున్న నాయనమ్మ దగ్గు, ఆ తర్వాత చిన్నాయిన గొంతు. "అన్నా, జెర పొలం పోయొస్త." నాయిన కుర్చీలో ముందుకు వంగాడు. పెళ్లిళ్లలో అందరికీ తెలిసిన ఒక పాత వరుస మొదలైంది, నెమ్మదిగా దాన్ని వదిలి చిన్నాయిన గట్టెక్కాడు. ఎంత దూరం పోయాడని! ఏ గట్టు మీద ఉన్నాడో నాకు ఆనవాలు దొరికినట్టే దొరికి జారిపోతోంది. అట్లా పోతూ పోతూ ఉండగానే టక్కున ఆగిపోయింది.

"అంతే ఆంటీ, సారీ" అన్నది రియా. లోబో సారు అసలు క్యాసెట్ మాకిచ్చేసి, తన కోసం ఒక పాత జాజు క్యాసెట్ చివర మిగిలిన టేపులో ఎంత పడితే అంత ఎక్కించుకున్నాడట. మొత్తం ఉన్నది మాకిచ్చిన దాంట్లోనే.

"అయిపోయిందా?" అన్నాడు నాయిన.

"టేపు అయిపోయింది నాయినా."

"వాడింక రాలే గద" అన్నాడు. "మల్ల పెట్టు."

రియా మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి పెట్టమని ఆయన అడగలేదు. ఆ పాట చివరిదాకా మోగిన చోట ఉన్నవాళ్లలో ఇవాళ బతికి ఉన్నది ఈయనొక్కడే. నేను ఆయన ముందు కింద కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి, వినపడేలా అడిగాను.

"నాయినా, పిట్టకు పెట్టిన దినం నువ్వు మొత్తం విన్నవు గద. చిన్నాయిన ఇంటికెట్లొచ్చిండు?"

ఆయన చెవిలోంచి మిషన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఆ దినం నేను కాకినే సూస్కుంట కూసున్న బిడ్డా" అన్నాడు. "పాట వినలే."